ఎనిమిది ఉండవలసిన చోట పదహారు

పదహారు!

చేతిలోని సుద్దముక్కను డిటెక్టివు నేలకేసి కొట్టాడు. ఇది మూడవ లెక్క. మొదటిసారి పైనుండి క్రిందికి లెక్కించాడు. రెండవసారి క్రిందినుండి పైకి. మూడవసారి ప్రతి పంటి మీదా అంకె వేసి మరీ లెక్కించాడు. నలభై ఎనిమిది పళ్ళున్న ఆ పెద్ద ఇనుప చక్రం మీద గాట్లు పడిన పళ్ళు పదహారే తేలుతున్నాయి. ఎనిమిది ఉండాలి. తొమ్మిదవది ఉండడానికి వీలే లేదు.

ముక్కు చివరకు జారిన కళ్ళజోడును వెనక్కు నెట్టుకుని ఆయన నిట్టూర్చాడు. ఆ కళ్ళజోడు వల్లనే అరవై దాటిన ఈయనకు చత్వారంగారన్న పేరు స్థిరపడిపోయింది. అసలు పేరు ఆయనకైనా జ్ఞాపకం ఉన్నదో లేదో!

అది బట్టల మిల్లులో మూడవ అంతస్తు పైనున్న చక్రాల గది. సరుకుల లిఫ్టును నడిపే యంత్రం అక్కడ ఉన్నది. మోటారుకు పద్దెనిమిది పళ్ళ చిన్న చక్రం. అది పెద్ద చక్రాన్ని త్రిప్పుతుంది. పెద్ద చక్రం ఉన్న ఇరుసు మీదనే ఇనుప తాడు చుట్టుకునే డోలు కూడా ఉన్నది. నిన్న మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు ఆ లిఫ్టు గుడ్డల బేళ్ళతో సహా రెండవ అంతస్తు ఎత్తునుండి కూలిపోయింది. దానిలో ఉన్న, యంత్రాలకు నూనె పోసే నూనె మేస్త్రీ అక్కడికక్కడే ప్రాణం విడిచాడు. క్రింద లివరు దగ్గర నిలుచున్నవాడు ఆయన సొంత అల్లుడు.

"ఇంకా పళ్ళు లెక్కపెడుతూనే ఉన్నారా? దంతవైద్యం ఎప్పుడు మొదలెట్టారండీ?"

గుమ్మంలో ఇన్‌స్పెక్టరు. చాటున అందరూ ఉడుంపట్టు అంటారు. పట్టినది రాయి అయినా, రత్నమైనా ఒకసారి పట్టాడంటే విడువడు.

"ఒక్కటే యక్షప్రశ్న మిగిలిందండీ. దానికి జవాబు దొరికితే మీ కేసు మారిపోతుంది," అన్నాడు డిటెక్టివు.

"నా కేసుకేం లోటు? మామా అల్లుళ్ళకు మూడు వారాలుగా మాటల్లేవు. మామ వచ్చి అల్లుణ్ణి నలుగురిలో లిఫ్టులోంచి లాగిపడేశాడు. తిక్క పుట్టిన అల్లుడు బ్రేకు వదిలేశాడు. బ్రేకు వేశాను, పట్టలేదు అంటాడు. ఇవాళ పొద్దున నేనే దగ్గరుండి నాలుగుసార్లు వేయించి చూశాను. నాలుగుసార్లూ పట్టింది."

"ఐదోసారి?"

"మీతో ఇదే చిక్కు. నాలుగు గంటలకు వాణ్ణి మేజిస్ట్రేటు ముందు నిలబెడతాను. మూడున్నర దాకా మీ ఇష్టం. ఆ తరవాత ఈ ఇనుమంతా విప్పి పాతసామానులో వేసేస్తారట. మేనేజరుగారు మనుషుల్ని కూడా పిలిచేశారు."

డిటెక్టివు గడియారం చూసుకున్నాడు. ఒంటిగంట యాభై. ఉన్నది నూట యాభై నిమిషాలు కాదు, వంద. కూడికలో కూడా తప్పు చేస్తున్నందుకు తన మీద తనకే మంట పుట్టింది.

*

అల్లుణ్ణి క్రింద మేనేజరు గది బయట బల్ల మీద కూర్చోబెట్టారు. ప్రక్కన ఒక జవాను కాపలా. ముప్ఫై ఏళ్ళ ఆ మనిషి ముఖంలో రాత్రి నిద్రలేని జాడ, రెండు రోజుల గడ్డం. అరచేతులలో లివరు ఒత్తుకుని కాయలు కాచాయి.

"మొదట్నించీ చెప్పు. నిన్న రెండూ పదికి ముందు ఏం జరిగింది?" అడిగాడు డిటెక్టివు.

"ఎన్నిసార్లు చెప్పమంటారండీ? నిండు బరువు పైకి పంపమని చీటీ వచ్చింది. బేళ్ళు ఎక్కించాం. రోజూ లివరు ఎత్తేసి నేను కూడా ఎక్కేస్తానండీ. మెల్లిగా కదులుతుంది గదా. పైన ఆపుకోడానికి ఇంకో లివరుంది. నిన్న కూడా ఎక్కాను. మామయ్య ఎక్కణ్ణుంచి వచ్చాడో, వచ్చి రెక్క పట్టుకుని లాగేశాడు. ఆయనెక్కేశాడు."

"ఏమన్నాడు?"

"దిగు అన్నాడు."

"అంతేనా?"

"మూడు వారాల్లో ఆయన నాతో మాట్లాడింది ఆ ఒక్క మాటేనండీ." అతడు గడ్డం రుద్దుకున్నాడు. "లిఫ్టు పైకి వెళ్ళింది. ఒక్కసారిగా పైనుంచి గుర్రుమని చప్పుడు. తాడు వదులై కిందికొచ్చేస్తోంది. బ్రేకు లివరు మీద పడిపోయాను. ఒంట్లో ఉన్న బలమంతా పెట్టాను. బ్రేకు బిగిసింది. లిఫ్టు మాత్రం ఆగలేదు."

"బ్రేకు బిగిసింది, లిఫ్టు ఆగలేదు! విన్నారా?" వెనుకనుండి ఇన్‌స్పెక్టరు నవ్వాడు. "కుండ పగిలిందిట, నీళ్ళు మాత్రం పోలేదుట."

డిటెక్టివు అటు తిరగలేదు. "మీ ఇద్దరికీ ఎందుకు చెడింది?"

అతడు ఒకసారి మేనేజరు గది తలుపు వంక చూసి గొంతు తగ్గించాడు. "పోయినేడు ఇదే లిఫ్టులోంచి బేళ్ళు మోసే మనిషొకడు పడి చచ్చిపోయాడండీ. ఇంటి దగ్గర జబ్బు చేసి పోయాడని రాయించారు. చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. నెల కిందట భద్రతా ఆఫీసుకి అర్జీ పెట్టాను. ఎల్లుండి రమ్మన్నారు, చూసింది చెప్పమన్నారు. మామయ్యకి అది గిట్టలేదు. అర్జీ వెనక్కి తీసుకో, పెళ్ళాం పిల్లలున్నవాడివి, ఏటికి ఎదురీదకు అన్నాడు. నేను వినలేదు."

"లిఫ్టులో ఈమధ్య ఏదైనా తేడా కనిపించిందా?"

"కనిపించడం కాదండీ, వినిపించింది. చిన్న చక్రంలో ఒక పన్ను అంచు విరిగి ఏళ్ళయింది. తిరిగినప్పుడల్లా టక్ టక్ మనేది. అటుమొన్న మధ్యాహ్నం నుంచీ ఠంగ్ ఠంగ్ మంటోంది. అందరికీ చెప్పాను. ఇనుమన్నాక మోగదా అన్నారు."

"ఆ ఠంగుని కూడా సాక్షుల బోనులోకి పిలుద్దామా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

డిటెక్టివు పళ్ళు నూరుకున్నాడు. ఎదుటి మనిషి నిజమే చెబుతున్నాడు. అయితే నిజానికి నిలబడడానికి కాళ్ళు కావాలి. ఇప్పటికి దానికి కాళ్ళూ లేవు, చేతులూ లేవు.

*

మెట్లెక్కి తిరిగి చక్రాల గదికి చేరేసరికి మోకాళ్ళు మొరపెట్టుకున్నాయి. సుద్ద అంకెల ముందు ఒక స్త్రీ చేతులు కట్టుకుని నిలుచుని ఉన్నది. మృతుని కూతురు, ముద్దాయి భార్య. నిన్న సాయంత్రం ఆయన గుమ్మం తొక్కినది ఈమెయే. తండ్రిని సాగనంపి, ఆ తడిబట్టలతోనే వచ్చి, "నాన్న ఎటూ పోయాడు బాబాయిగారూ, ఆయన్నయినా నాకు మిగల్చండి," అన్నది. అంతలోనే ఆగి, "ఆయనే చేశాడంటే మాత్రం నాతో అబద్ధం చెప్పకండి," అని కూడా అన్నది. ఆ రెండవ మాట డిటెక్టివు గుండెలో ముల్లులా దిగబడి ఉన్నది.

"ఏమైనా తేలిందా బాబాయిగారూ?"

"లెక్క తప్పుతోందమ్మా." ఆయన ఒక బేలు మీద కూలబడ్డాడు. "చిన్న చక్రానికి పద్దెనిమిది పళ్ళు. వాటిలో ఒక్కటే విరిగింది. అది పెద్ద చక్రాన్ని ప్రతి పద్దెనిమిదో పంటి దగ్గర కొడుతుంది. ఒకటో పన్నుతో మొదలైతే పంతొమ్మిది, ముప్ఫై ఏడు. ఆ తరవాత చుట్టు పూర్తై ఏడు, ఇరవై అయిదు, నలభై మూడు. ఇంకో చుట్టులో పదమూడు, ముప్ఫై ఒకటి. దాని తరవాత..."

"మళ్ళీ ఒకటి," అన్నదామె.

డిటెక్టివు తలెత్తాడు.

"నేను ఇదే మిల్లులో అంచుల డిజైను వేస్తాను బాబాయిగారూ. చీర నడిమి పువ్వు పద్దెనిమిది పోగులకొకసారి వస్తుంది, అంచులో లత నలభై ఎనిమిదికొకసారి తిరుగుతుంది అనుకోండి. రెండూ నూట నలభై నాలుగో పోగు దగ్గర కలుస్తాయి. అది క.సా.గు. అది చూసుకోకుండా కొలత కోస్తే పువ్వు సగంలో తెగిపోతుంది. మాకు నిత్యం ఉండే గోలే ఇది."

"అదేనమ్మా! నూట నలభై నాలుగు పళ్ళు గడిస్తే, అంటే పెద్ద చక్రం మూడు చుట్లు తిరిగితే, వచ్చిన దారినే మళ్ళీ వస్తుంది. ఇక అందులో కొత్త పన్ను తగలడానికి వీల్లేదు. ఒకటి, ఏడు, పదమూడు... ఆరేసి పళ్ళకొకటి. పద్దెనిమిదినీ నలభై ఎనిమిదినీ శేషం లేకుండా భాగించేవాటిలో పెద్దది ఆరు గదా. అదే గ.సా.భా. నలభై ఎనిమిదిని ఆరుతో భాగిస్తే ఎనిమిది. విరిగిన పన్ను వెయ్యేళ్ళు తిరిగినా ఆ ఎనిమిదింటి మీదే గాటు పడుతుంది. మరి ఈ మూడు, తొమ్మిది, పదిహేను, ఇరవై ఒకటి ఎక్కణ్ణుంచి వచ్చాయి? ఇవి ఇంకో ఎనిమిది!"

"ఇంకో పన్ను కూడా విరిగిందేమో?"

"చూశాను. ఒక్కటే."

"చక్రం జారిందేమో?"

"పళ్ళు పళ్ళలో కూర్చున్నాక ఎలా జారుతుందమ్మా? జారితే పళ్ళు రాలిపోవూ? ఒక్కటీ రాలలేదు." డిటెక్టివు నుదురు కొట్టుకున్నాడు. "పద్మవ్యూహంలోకి వెళ్ళానుగాని బయటికొచ్చే దారి తెలియడం లేదు."

ఆమె చక్రం దగ్గరకు వంగి, ఒక గాటును వ్రేలితో తడిమింది. ఆపై దాని ప్రక్కదానిని తడిమింది. ఆ వ్రేళ్ళకు వేల పోగులలో తెగిన పోగును పట్టుకునే అలవాటు ఉన్నది.

"బాబాయిగారూ, ఈ ఒకటో నంబరు గాటు నున్నగా ఉంది. నూనె ఇంకి నల్లబడింది. మూడో నంబరుది గరుగ్గా ఉంది. వేలు గీసుకుంటోంది."

ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, చక్రానికి ముక్కు ఆనించి చూశాడు. ఏడో నంబరు పన్ను నలుపు. తొమ్మిదోది తెలుపు. పదమూడు నలుపు. పదిహేను తళతళ మెరుస్తున్నది. ఇంతసేపూ ఎన్ని అని లెక్కించాడే గాని ఎలాంటివి అని చూడనే లేదు.

"మా దగ్గర ఇలాంటిదే జరుగుతుంటుందండీ," అన్నది ఆమె నెమ్మదిగా. "పువ్వు పడకూడని పోగు మీద పువ్వు పడిందంటే మగ్గం తప్పు కాదు. మగ్గానికి కట్టే చిల్లుల డిజైను అట్టలు విప్పి, మళ్ళీ కట్టినవాడు రెండు పోగులు జరిపి కట్టాడన్నమాట."

డిటెక్టివు చక్రానికి ఆనించిన ముఖాన్ని వెనక్కు తీశాడు.

"విప్పి, మళ్ళీ కట్టారు!" గొణిగాడు. "చక్రాన్ని వెనక్కి జరిపి, పళ్ళు విడదీసి, మళ్ళీ బిగించారు. ఎవరో ఈ యంత్రం విప్పారు తల్లీ. విప్పినవాడికి పళ్ళ లెక్క తెలియదు. ఏ పన్ను ఎదురుగా ఉంటే దానికి కలిపేశాడు. ఆరింట ఒక్క వంతు అదృష్టం కలిసొచ్చి ఉంటే పాత గాట్లలోనే పడేది, మనకు జన్మలో చిక్కేవాడు కాదు."

*

"ససేమిరా కుదరదు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. రెండు గంటల నలభై. మేనేజరు గది. బల్ల వెనుక మేనేజరు, నున్నగా దువ్విన నెరసిన జుట్టు, ఇస్త్రీ చెదరని చొక్కా, రెండు చేతులూ బల్ల మీద జోడించుకుని కూర్చున్నాడు. "ఇవాళ పొద్దున నేను తీయించాను గాని, ఆ చక్రాల మీద ఇనుప మూత ఉంటుంది. మూతకి రెండు తాళాలు. ఒక తాళంచెవి చనిపోయిన నూనె మేస్త్రీది, ఇంకోటి లిఫ్టు ఇనుప తాళ్ళు చూసే తాళ్ళ మేస్త్రీది. ఇద్దరూ కలిస్తే గాని మూత లేవదు. నూనె మేస్త్రీ ఆరు రోజులకోసారి వస్తాడు, తాళ్ళ మేస్త్రీ ఎనిమిది రోజులకోసారి. ఆరెనిమిదులు నలభై ఎనిమిది. ఏడాది తనిఖీ అయిన దగ్గర్నుంచి లెక్కవేస్తే కిందటిసారి కలిసింది తొంభై ఆరో రోజున. నిన్న నూట ఇరవై రెండోది. మళ్ళీ కలిసేది నూట నలభై నాలుగున. మీరు చెప్పే గాట్లు అప్పటివైతే ఇన్నాళ్ళకి నల్లబడి ఉండవూ? కాదంటారా మేనేజరుగారూ?"

మేనేజరు చిరునవ్వుతో తల పంకించాడు. "తొంభై ఆరున తీశారండీ. నాకు బాగా గుర్తు. ఆ రోజు నేనూ ఉన్నాను."

"విన్నారా? మీ చత్వారం లెక్కల్లో కూడా ఉన్నట్టుంది," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఉదయం నుండి దిగమింగుకున్న చిరాకంతా డిటెక్టివు గొంతులోకి వచ్చింది. జేబులోని సుద్దముక్క తీసి, మేనేజరు వెనుక ఉన్న ఇనుప బీరువా మీద బరబర వ్రాశాడు.

"ఆరు, పన్నెండు, పద్దెనిమిది, ఇరవై నాలుగు. ఇవి నూనె మేస్త్రీ రోజులు. ఎనిమిది, పదహారు, ఇరవై నాలుగు. ఇవి తాళ్ళ మేస్త్రీవి. ఇద్దరూ మొదట ఎక్కడ కలిశారు? చదవండి."

ఇన్‌స్పెక్టరు బీరువా దగ్గరకు వచ్చి రెండు వరుసల మీదా వ్రేలు నడిపాడు.

"ఇరవై నాలుగు! మీ నలభై ఎనిమిది సామాన్య గుణిజం కాదని నేననను. డెబ్భై రెండూ సామాన్య గుణిజమే. కానీ మొదటిది ఇరవై నాలుగు. ఆరుకీ ఎనిమిదికీ రెండు అనే కారణాంకం ఉమ్మడిగా ఉంది. అది మరిచిపోయి గుణించేస్తే రోజులు రెట్టింపవుతాయి. ఇద్దరూ కలిసే రోజుల్లో మీకు ఒకటి విడిచి ఒకటి కనిపించలేదు. ఇరవై నాలుగు, నలభై ఎనిమిది, డెబ్భై రెండు, తొంభై ఆరు, ఆ తరవాత?"

"నూట... ఇరవై," అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఆ అంకె అతడి నోటినుండి పన్ను పీకినంత కష్టంగా వచ్చింది.

"ఇవాళ నూట ఇరవై మూడు. అంటే అటుమొన్న! ఠంగుమని మోగడం మొదలైన రోజు. మేనేజరుగారూ, తొంభై ఆరున తీశారని చెప్పారు. నిజమే. నూట ఇరవైన కూడా తీశారని ఎందుకు చెప్పలేదు?"

మేనేజరు చిరునవ్వు చెదరలేదు. "ఇన్‌స్పెక్టరుగారు అంత నమ్మకంగా లెక్క చెబుతుంటే మధ్యలో అడ్డు రావడం మర్యాద కాదనుకున్నానండీ. అయినా మూత తీసి తుడవడం మామూలే గదా. అందులో తప్పేముంది?" లేచి నిలుచున్నాడు. "మీరు మాట్లాడుకుంటూ ఉండండి. అవతల పని ఆగిపోయింది."

ఆయన వెళ్ళిపోయాడు. అబద్ధం ఒక్కటీ ఆడలేదు. ఇతరులు తప్పుగా గుణించుకుంటే దిద్దలేదు, అంతే. ధర్మసూక్ష్మం తెలిసినవాడే ఇంత శుభ్రంగా అధర్మం చేయగలడని డిటెక్టివుకు అనిపించింది.

"అయితే మటుకు?" ఇన్‌స్పెక్టరు తేరుకున్నాడు. ఉడుము మళ్ళీ గోడ పట్టుకున్నది. "విప్పితే ఆ ఇద్దరు మేస్త్రీలే విప్పాలి. అందులో ఒకాయన పోయాడు. తన గొయ్యి తానే తవ్వుకున్నాడంటారా?"

డిటెక్టివుకు అదే మింగుడుపడనిది. తాళ్ళ మేస్త్రీని పిలిపించారు. ఎముకల గూడులాంటి ముసలివాడు, చేతులు నలుపుకుంటూ వచ్చాడు.

"అటుమొన్న మూత తీశారా?" అడిగాడు డిటెక్టివు.

"తీశామండీ. ఇద్దరం కలిసే రోజు గదా. భోజనాలయ్యాక తీసి, తుడిచి, వేసేశాం. చక్రం జోలికి మాత్రం పోలేదు, మా అమ్మ తోడు."

"భోజనాలయ్యాక అంటున్నావు. భోజనానికి ముందు తాళంచెవులు ఎక్కడున్నాయి?"

"ఇక్కడేనండీ." ముసలివాడు గోడమీది మేకు చూపించాడు. "ఇద్దరం కలిసే రోజున వచ్చీ రాగానే రెండు చెవులూ దానికి తగిలించి, పుస్తకంలో సంతకం పెట్టి, భోజనానికి పోతాం. గంటసేపు లిఫ్టు ఆపేస్తారు. మా నాన్న కాలంనుంచీ ఇదే పద్ధతి. మామూలు రోజుల్లో ఎవరి చెవి వాళ్ళ మొలతాడుకే ఉంటుంది."

ఇన్‌స్పెక్టరూ డిటెక్టివూ ఆ మేకు వంక చూశారు. ఇద్దరు కలిస్తే గాని తెరుచుకోకూడదని రెండు తాళాలు వేశారు. ఇద్దరూ కలిసిన రోజున మాత్రం రెండు తాళంచెవులనూ ఒకే మేకుకు తగిలించి అన్నానికి వెళ్ళారు. ఇరవై నాలుగు రోజులకు ఒక్క గంట. ఆ గంటలో ఈ గదిలో కూర్చునేవాడు ఒక్కడే.

"మేనేజరుకి పానా పట్టడం వచ్చా?" ఇన్‌స్పెక్టరు గొంతు మారింది.

"భలేవారే! ఆయన ఇక్కడ ఫిట్టరుగా చేరినవాడేనండీ. ఆ యంత్రం బిగించిన రోజున ఆయనే ఉన్నాడు."

*

మూడు గంటల పది. చక్రాల గదికి ఈసారి ఇన్‌స్పెక్టరు ముందు ఎక్కాడు. వెనుక డిటెక్టివు, ఆయన వెనుక ఆమె.

"విప్పి ఏం చేశాడు? అది చెప్పండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఈసారి ఎగతాళి లేదు.

డిటెక్టివు ఇరుసు ముందు మోకరిల్లాడు. పెద్ద చక్రం ఇరుసు మీద ఊరికే తిరిగిపోకుండా, రెంటినీ కలిపి పట్టే బొటనవ్రేలంత చీల ఒకటి ఉన్నది. దాని కొన పైకి నల్లగా, నూనె ఓడుతూ, లక్షణంగా కనిపిస్తున్నది. చూసినవాడెవడూ అనుమానించడు. జేబులోని చాకు తీసి దాని మీద ఆనించాడు. ఉక్కు మీద చాకు జారిపోవాలి. అది జారలేదు. నల్లరంగు చీలి, చాకు మొన మెత్తగా లోపలకు దిగింది. లోపల బూడిద రంగు.

"సీసం!" అన్నాడు డిటెక్టివు. "ఉక్కు చీల ఊడదీసి, సీసం చీల కొట్టి, పైన నల్లరంగు పూశాడు. తేలిక బరువులకి రెండు రోజులు నిలబడింది. నిన్న నిండు బరువు పంపమన్న చీటీ వచ్చింది. లోపల తెగిపోయింది. బ్రేకు ఉన్నది మోటారు వైపు. అల్లుడు వేసిన బ్రేకు మోటారునీ, చిన్న చక్రాన్నీ, ఈ పెద్ద చక్రాన్నీ గట్టిగానే పట్టింది. డోలుకీ చక్రానికీ మాత్రం బంధం తెగిపోయింది. బ్రేకు బిగిసింది, లిఫ్టు ఆగలేదు. అతను చెప్పింది అక్షరాలా నిజమండీ. మీరు నాలుగుసార్లు చూసింది కూడా నిజమే."

ఇన్‌స్పెక్టరు టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. అతడి వంటివాడికి అది క్షమాపణతో సమానం.

ఆమె గోడకు ఆనుకుని నిలుచున్నది. ఇన్నిగంటలుగా బిగబట్టిన దుఃఖం కట్టలు తెంచుకున్నది. "ఆయన కాదు," అన్నది. "ఆయన కాదు. చాలు బాబాయిగారూ, నాకింతే చాలు." కొంగుతో ముఖం తుడుచుకుని, హఠాత్తుగా అడిగింది. "మరి నాన్న ఎందుకెక్కాడు? నాన్న ఎప్పుడూ లిఫ్టు ఎక్కడు. భయం. మోకాళ్ళ నొప్పులున్నా మెట్లే ఎక్కేవాడు."

ఆ ప్రశ్నతో డిటెక్టివు ముఖంలోని గెలుపు కాంతి ఆరిపోయింది. నలభై ఏళ్ళు యంత్రాలకు నూనె పోసినవాడు. టక్ టక్ మనేది ఠంగ్ ఠంగ్ మంటే అందరూ కొట్టిపారేశారు. ఆయన కొట్టిపారేసి ఉండడు. ఎక్కడో తేడా ఉన్నదని తెలిసింది. ఏమిటన్నది తెలియలేదు. దగ్గరనుండి వినాలి. ఈలోగా నిండు బరువుతో లిఫ్టు కదలబోతున్నది. దానిలో రోజూలాగే ఎక్కి నిలుచున్నవాడు...

"మీ నాన్న అతణ్ణి అవమానించడానికి లాగలేదమ్మా," అన్నాడు. "కాపాడడానికి లాగాడు. వివరం చెప్పే వ్యవధి లేదు. మూడు వారాల అలకతో నోరు పెగిలి ఉండదు. దిగు అన్నాడు. ఆ ఒక్క మాటలో తన ప్రాణం పెట్టేశాడు."

ఆమె నేల మీద కూర్చుండిపోయింది. ఏడుపు రాలేదు. చేతులు రెండూ చక్రం అంచును పట్టుకుని ఉండిపోయాయి.

డిటెక్టివు చటుక్కున ఇన్‌స్పెక్టరు వైపు తిరిగాడు. ఆయన స్వరంలో ఇప్పుడు ఆదుర్దా తప్ప మరేదీ లేదు.

"ఇన్‌స్పెక్టరుగారూ, ఈ ఉచ్చు పన్నింది నూనె మేస్త్రీకి కాదు. రోజూ ఆ లిఫ్టు ఎక్కేవాడికి. పోయినేటి చావుని చూసిన ఒకే ఒక్క సాక్షికి. ఎల్లుండి నోరు విప్పబోయేవాడికి. ఉదయం నుంచీ వదిలెయ్యండి వదిలెయ్యండి అని మీ ప్రాణం తీశాను. ఇప్పుడు చెబుతున్నాను, వదలకండి. నాలుగింటి దాకా ఆగకండి. ఇప్పుడే బేడీలు వేసి, మీ జీపులో, మీ పక్కన కూర్చోబెట్టుకుని తీసుకుపోండి. ఈ మిల్లు గేటు దాటేదాకా అతను బతికి ఉండాలి."

వాదమంటే ప్రాణమిచ్చే ఇన్‌స్పెక్టరు ఈసారి ఒక్క మాట కూడా వాదించలేదు. కిటికీ దగ్గరకు పరుగున వెళ్ళి, క్రింద ఆవరణలో తచ్చాడుతున్న జవానును కేక వేశాడు.

"ఏయ్! ముద్దాయిని జీపెక్కించు! వెంటనే!"

జవాను చేయి అడ్డం పెట్టుకుని పైకి చూశాడు. "ముద్దాయి ఇక్కడ లేడండీ! అర్జీ వెనక్కి తీసుకుంటే బెయిలు ఇప్పిస్తాననీ, సంతకం చెయ్యాలనీ మేనేజరుగారు వెనక గోదాములోకి తీసుకెళ్ళారండీ!"

"ఒంటరిగా పంపించావురా?"

"ఒంటరిగా ఎందుకండీ? మేనేజరుగారు పక్కనే ఉన్నారు గదా!"

ఇన్‌స్పెక్టరు తిట్టిన తిట్టు గాలిలో ఉండగానే డిటెక్టివు వెనక్కు తిరిగాడు. చక్రం ముందు ఎవరూ లేరు. మెట్ల మీద నుండి, ఒక్కొక్క మారు మూడేసి మెట్లు దుముకుతూ క్రిందికి పోతున్న అడుగుల చప్పుడు వినిపించింది. ఆమె ఇద్దరికంటే ముందే బయలుదేరింది.